జోన్ వచ్చిందా?

1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ ఆస్పత్రిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కి పెనిసిలిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. ముఖమంతా చీము పట్టి, ఒక కన్ను అప్పటికే తీసేయాల్సి వచ్చిన మనిషి. కొద్ది రోజుల్లో జ్వరం దిగింది, అన్నం సహించింది. కానీ మందు చాల్లేదు. ఆయన మూత్రంలో పోతున్న పెనిసిలిన్‌ని ప్రయోగశాలకి మోసుకెళ్లి, శుద్ధి చేసి, మళ్లీ ఆయనకే ఎక్కించారు. అదీ నిండుకుంది. మార్చి 15న ఆయన చనిపోయాడు.

ఆ యుద్ధకాలంలోనే, ఆ ఊళ్లోనే ఇంకో వెతుకులాట సాగింది. పెనిసిలిన్ ఇచ్చే బూజులో ఇంత శక్తి ఉంటే పచ్చని మొక్కల్లో ఎందుకు ఉండకూడదు? ఇ. ఎం. ఆస్‌బోర్న్ ఆ పనికి పూనుకున్నారు. 1943లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ పాథాలజీలో వచ్చిన ఆ పత్రం అయిదు పేజీలకి మించదు. అందులో ఉన్న పని మాత్రం దాదాపు 2300 జాతుల పుష్పించే మొక్కలది. ఆకులు, కాండాలు, పూలు నూరి రసం తీసి, ఆ రసం స్టాఫిలోకాకస్ ఆరియస్‌ని గానీ ఈ. కోలైని గానీ ఆపుతుందేమో చూడటం. మొదటిది పుండ్లలో చీము పట్టించే బాక్టీరియా. రెండోది మన పేగుల్లో కాపురముండేది.

ఇందులో నాకు నచ్చేది ఆ పక్షపాతం లేనితనం. వైద్యంలో పేరున్న మొక్కలనే ఏరుకుంటే జాబితా అంత పొడుగు పెరగదు. కలుపు మొక్కా, కూరమొక్కా, అందం కోసం కుండీలో పెంచుకునే మొక్కా, అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. మూలికల వైద్యం చేసే పని వేరు. అక్కడ తాత చెప్పాడు, ముత్తాత వాడాడు అన్న ఆధారం ఉంటుంది. పూల కుండీకి అలాంటి సిఫారసు లేదు. దాన్ని మనం కొన్నది రంగు చూసి, ఆకు చూసి. అలాంటి మొక్కని కూడా మందు కోసం పరీక్షించవచ్చన్న ఆలోచన రావాలంటే, పరీక్ష చాలా చవకగా, చాలా తేలిగ్గా ఉండాలి. ఒక్కో మొక్కకి ఎలుకలూ కుందేళ్లూ కావాలంటే 2300 జాతులు ఏ జన్మకి తెమిలేను?

పరీక్షని అంత చవక చేసిన కథ అరవయ్యేళ్ల ముందు, జర్మనీలో ఒక వంటింట్లో మొదలైంది. రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో పనిచేసే వాల్టర్ హెస్సే బాక్టీరియాని జెలటిన్ మీద పెంచలేక విసిగిపోయాడు. వేసవిలో అది కరిగిపోయేది. కొన్ని బాక్టీరియా దాన్ని తినేసి నీళ్లు చేసేవి. అతని భార్య ఫానీ హెస్సే తన జెల్లీలూ పుడ్డింగులూ ఎండల్లో కూడా గట్టిగా ఎలా ఉంటున్నాయో చెప్పింది. వాటిలో ఆమె వేసేది అగర్. జావాలో ఉండి వచ్చిన డచ్చి పొరుగువాళ్ల దగ్గర న్యూయార్కులో చిన్నప్పుడు నేర్చుకున్నది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని అమ్మే సముద్రపు నాచు సరుకే అది. ఇది 1881 నాటి మాట. 1887లో అదే ప్రయోగశాలలో యూలియస్ పెట్రి అంచున్న గాజు పళ్లేనికి కాస్త పెద్ద మూత పెట్టి తన పేరు శాశ్వతం చేసుకున్నాడు. ఫానీ హెస్సే పేరు మీద ఏ పళ్లెమూ లేదు.

అగర్ పళ్లెంలో బాక్టీరియాని సమంగా పరిస్తే తెల్లారేసరికి లేత బూడిదరంగు పొర కడుతుంది. దాని మధ్య ఏదైనా బాక్టీరియాని ఆపే పదార్థం పెడితే, అది అగర్‌లోకి ఊరుతూ చుట్టూ పాకుతుంది. పాకినంత మేర పొర కట్టదు. స్వచ్ఛమైన గుండ్రటి జాగా మిగులుతుంది. దాన్నే జోన్ అంటారు. 1928లో ఫ్లెమింగ్ చూసింది పెనిసిలియం బూజు చుట్టూ ఉన్న అలాంటి జాగానే. ఆ తర్వాత ఆయన అగర్‌లో ఒక కాలువ కోసి, అందులో బూజు రసం నింపి, అటూ ఇటూ రకరకాల బాక్టీరియాని గీతలుగా గీసి ఏది ఆగిందో ఏది ఆగలేదో చూశాడు.

ఆగిందా లేదా అన్నది ఫ్లెమింగ్‌కి సరిపోయింది. ఎంత ఆగింది అన్నది పెనిసిలిన్‌ని శుద్ధి చేస్తున్న ఆక్స్‌ఫర్డ్ బృందానికి కావలసి వచ్చింది. ఈరోజు తీసిన ద్రవంలో నిన్నటికంటే పెనిసిలిన్ ఎక్కువుందా తక్కువుందా తెలియకపోతే శుద్ధి చేసే పని ఒక్క అడుగు కూడా కదలదు. ఆ కొలత ఇచ్చినవాడు నార్మన్ హీట్లీ. రెండు చివరలా తెరిచి ఉన్న పొట్టి గాజు గొట్టాలు తీసుకుని, కింది అంచు వాలుగా చెక్కించి, వాటిని అగర్‌లో నిలబెట్టి, ద్రవం నింపి, రాత్రంతా వెచ్చగా ఉంచేవాడు. మర్నాడు గొట్టం చుట్టూ ఉన్న జాగా వ్యాసం కొలవడమే పని. ఆక్స్‌ఫర్డ్ యూనిట్ అన్న కొలమానం ఆ గొట్టాల్లోంచే పుట్టింది. ఆస్పత్రి బెడ్‌పాన్లలో బూజు పెంచినవాడూ, పాత పుస్తకాల అల్మరా చట్రానికి గాజు గొట్టాలు కట్టి శుద్ధి యంత్రం తయారు చేసినవాడూ ఈ హీట్లీయే. 1945లో పెనిసిలిన్‌కి నోబెల్ ఫ్లెమింగ్‌కీ, ఆక్స్‌ఫర్డ్ బృందంలోని ఫ్లోరీ, చైన్‌లకీ వెళ్లింది. డాక్టరీ చదవని ఈయనకి 1990లో ఆక్స్‌ఫర్డ్ వైద్యంలో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. దాని ఎనిమిది వందల ఏళ్ల చరిత్రలో అలా ఇవ్వడం అదే మొదటిసారట. ఎంతో ఆలస్యంగా తీర్చిన బాకీ అది.

1944లో విన్సెంట్, విన్సెంట్ అనే ఇద్దరు గాజు గొట్టం బదులు వడపోత కాగితం నుంచి కోసిన చిన్న బిళ్ల చాలని చూపించారు. ఆ కాగితపు బిళ్లే ఈనాటి డిస్క్. దాంతో పరీక్ష డిగ్రీ కాలేజీ ల్యాబ్ దాకా దిగివచ్చింది.

ఆస్‌బోర్న్ పళ్లేల్లో అరవైకి పైగా ప్రజాతుల మొక్కలు బాక్టీరియాని ఆపాయి. వాటిలో బటర్‌కప్ కుటుంబం ముందు వరసలో నిలిచింది. యూరప్‌లో తోటల అందం కోసం పెంచే అనెమోని, క్లెమాటిస్ ఈ కుటుంబానివే. మన వంటింటి నల్లజీలకర్ర కూడా వీటి చుట్టమే. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు వెంటనే దీన్ని అందుకున్నారు. ఊదారంగు పూల అనెమోని పల్సటిల్లాలో పనిచేస్తున్నది ప్రోటోఅనెమోనిన్ అనే నూనెలాంటి చిన్న అణువని 1946లో తేల్చారు. మంచి మందు దొరికినట్టే అనిపించి ఉంటుంది. ఒకటి రెండు కాదు, రకరకాల బాక్టీరియానీ బూజునీ ఆపుతోంది మరి.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. బతికున్న మొక్కలో ప్రోటోఅనెమోనిన్ ఉండదు. దాని బదులు రానన్‌క్యులిన్ అని చక్కెరతో కట్టిపడేసిన పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు ఒక ఎంజైము ఆ చక్కెర ముడి విప్పితే ప్రోటోఅనెమోనిన్ పుడుతుంది. పుట్టినది ఎంతోసేపు నిలవదు. రెండేసి అణువులు జతకట్టి అనెమోనిన్ అయిపోతాయి. దానికి బాక్టీరియాని ఆపే శక్తి లేదు. ఈ సంగతి పశువుల కాపర్లకి ఇంకోలా తెలుసు. పచ్చి బటర్‌కప్ మేసిన ఆవుకి నోరు పొక్కుతుంది, ఎండుగడ్డిలో కలిసిన బటర్‌కప్ ఏమీ చేయదు. అంటే ఒకే మొక్కని ఒకడు పచ్చిగా నూరి పరీక్షిస్తే జోన్ వస్తుంది. ఇంకొకడు నీడన ఆరబెట్టి పొడి చేసి పరీక్షిస్తే రాదు. ఇద్దరూ నిజమే రాసినవాళ్లవుతారు.

వెల్లుల్లిదీ ఇదే బాపతు. న్యూయార్క్ రాష్ట్రంలో వింత్రాప్ కంపెనీలో పనిచేసే చెస్టర్ కవల్లిటో, జాన్ బెయిలీ 1944లో అల్లిసిన్‌ని వేరుచేశారు. తర్వాత కొన్నేళ్లకి బాసెల్‌లో స్టోల్, సీబెక్ దాని ముందు రూపం అల్లిన్ అని చూపించారు. రెబ్బ చితికాకే అల్లిన్ కాస్తా అల్లిసిన్ అవుతుంది. చితకని వెల్లుల్లి పాయకి వాసన అంతంతమాత్రం కావడానికి కారణం ఇదే.

కవల్లిటో అక్కడితో ఆగలేదు. మొక్కల నుంచి దొరికిన ఈ పదార్థాలు బాక్టీరియాని ఎలా ఆపుతున్నాయని అడిగాడు. వీటిలో చాలావాటిని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కలిపితే వాటి శక్తి పోయింది. అంటే ఇవి పట్టుకునేది ప్రొటీన్లలో సిస్టీన్ చివరన ఉండే గంధకం గుంపునే. బాక్టీరియా ప్రొటీన్లలో ఆ గుంపులున్నాయి, నిజమే. మన చర్మంలో, కాలేయంలో, రక్తంలో కూడా ఉన్నాయి. పెనిసిలిన్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. అది దెబ్బకొట్టేది బాక్టీరియా గోడ కట్టే యంత్రాంగాన్ని. మన కణాలకి అలాంటి గోడే లేదు. ప్రోటోఅనెమోనిన్‌కి ఆ విచక్షణ లేదు. పళ్లెంలో ఎంత చక్కటి జోన్ ఇస్తుందో చర్మం మీద అంత చక్కగా బొబ్బలెక్కిస్తుంది.

ట్యూలిప్ పూల సంగతి తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. నెదర్లాండ్స్‌లో ట్యూలిప్ గడ్డలు ఏరే కూలీలకి వేళ్ల కొసలు పగిలి మండిపోతాయి. అక్కడి వాళ్లు దాన్ని ట్యూలిప్ వేళ్లు అనే అంటారు. ట్యూలిప్ గడ్డ బూజుని ఎలా తట్టుకుంటోందని 1960ల్లో లిస్సే ఊళ్లోని గడ్డల పరిశోధనశాలవాళ్లు వెతుకుతూ పోతే చివరికి తేలినది అదే పదార్థాల కుటుంబం. గడ్డని కాపాడేదీ కూలీ వేళ్లు కొరికేదీ ఒకటే. మొక్క ఈ రసాయనాలు తన కోసం చేసుకుంది. రోగంతో పోరాడటానికి దానికి తెల్ల రక్తకణాలు లేవు, పారిపోవడానికి కాళ్లు లేవు. కొరికినవాడి నోరు మండాలి, దూరిన బూజు చావాలి, అంతే దాని లెక్క.

ఇంతలో మట్టి గెలిచింది. సెల్మన్ వాక్స్‌మన్ దగ్గర మట్టి జీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ అనే మందు దొరికింది. లెడర్లీ కంపెనీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం నుంచి తెప్పించిన మట్టిలో ఆరియోమైసిన్ ఇచ్చే జీవిని పట్టాడు. 1948 జులైలో దాన్ని ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావు కన్నుమూశాడు. డగ్గర్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రవేత్త, జీవితమంతా మొక్కల రోగాలు చదివినవాడు. డెబ్బై దాటి, విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యాక కంపెనీలో చేరి, మొక్కల్ని వదిలి మట్టి పట్టుకున్నాడు. తప్పేముంది? మట్టి జీవుల మందులు మిల్లీలీటరుకి ఒకటి రెండు మైక్రోగ్రాములతో, ఒక్కోసారి అంతకంటే తక్కువతో పనిచేస్తుంటే, మొక్కల పదార్థాలు వంద నుంచి వెయ్యి మైక్రోగ్రాములు అడుగుతున్నాయి. కంపెనీలు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

మొక్కల వెంట నడిచినవాళ్లు వేరే చోట్ల మిగిలారు. సోవియట్ యూనియన్‌లో బోరిస్ టోకిన్ 1920ల చివర్లోనే ఉల్లి, వెల్లుల్లి ఆవిర్లు తగిలితే సూక్ష్మజీవులు చస్తున్నాయని గమనించి, మొక్కలు వదిలే అలాంటి పదార్థాలకి ఫైటాన్‌సైడ్‌లని పేరు పెట్టాడు. ఆ దారి చివరికి ఇంట్లోని కుండీ దాకా వచ్చింది. కీవ్ వృక్షశాస్త్ర ఉద్యానానికి డైరెక్టరుగా ఉన్న ఆండ్రే గ్రొడ్జిన్‌స్కీ ఫైటోడిజైన్ అనే పనిని ప్రోత్సహించాడు. ఏ గదిలో ఏ మొక్క పెడితే అక్కడి గాలిలో సూక్ష్మజీవులు తగ్గుతాయో చూసి మొక్కల్ని ఎంచడం. ఇది ఎంతవరకు నిలబడుతుందన్నది వేరే చర్చ. కిటికీ తెరిస్తే వచ్చే తేడా ముందు కుండీ తేడా ఎంతని నా అనుమానం. కానీ అందం కోసం పెంచే మొక్కని సూక్ష్మజీవుల కళ్లతో చూడటం అక్కడ అలవాటుగా మారింది. ఈ మధ్యకాలంలో అదే కీవ్ ఉద్యానం వాళ్లు, పోలండ్‌లోని స్లుప్స్క్ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి, తమ గాజు ఇళ్లలో పెరిగే ఫైకస్, సాన్సెవియేరియా, బిగోనియా ఆకుల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని మనుషుల రోగాల బాక్టీరియా మీదా, చేపల చెరువుల్లో రోగాలు తెచ్చే ఏరోమోనాస్ మీదా పరీక్షిస్తున్నారు. మన మర్రి, రావి, మేడి అన్నీ ఫైకస్‌లే. మనకి ఊరి బయట నీడనిచ్చే ప్రజాతి వాళ్లకి గాజు ఇంట్లో చలి తగలకుండా కాపాడుకోవాల్సిన అతిథి.

ఇక మన దగ్గర ఈ పరీక్ష తెలియని మైక్రోబయాలజీ విద్యార్థి ఉండడు. డిగ్రీ చివరి ఏడాదిలోనో ఎమ్మెస్సీలోనో ప్రాజెక్టు అనగానే ముందు చూపు పడేది కాలేజీ వరండాలోని కుండీల మీదే. క్రోటన్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, కలబంద. ఆకులు కడిగి, నీడన ఆరబెట్టి, మిక్సీలో పొడి చేసి, మెథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేసి, మిగిలిన జిగురులో డిస్కులు ముంచడం. ప్లేటు మీద స్వాబ్‌తో బాక్టీరియా పరచి డిస్కులు పెట్టి ఇంక్యుబేటర్‌లో ఉంచడం. మర్నాడు ల్యాబ్ తలుపు దగ్గరే అడిగే ప్రశ్న ఒకటే: జోన్ వచ్చిందా?

వస్తుంది. చాలాసార్లు వస్తుంది. దాన్ని నమ్మడంలోనే తకరారు. డిస్కులో మెథనాల్ పూర్తిగా ఆరకపోతే ఆ జోన్ మెథనాల్‌ది. అందుకే ఉత్త మెథనాల్ ముంచిన డిస్కు ఒకటి పక్కన తప్పకుండా ఉండాలి. ఆకులో టానిన్లు ఎక్కువుంటే అవి ఎదురైన ప్రతి ప్రొటీన్‌నీ ముద్దగా పట్టేస్తాయి. బాక్టీరియాని ఆపినట్టే కనిపిస్తుంది, మందుగా మాత్రం పనికిరాదు. రసం బాగా పుల్లగా ఉంటే ఆ పులుపుకే కొన్ని బాక్టీరియా ఆగుతాయి. బిగోనియా ఆకు నమిలి చూసినవాళ్లకి ఆ పులుపెంతో తెలుసు. దీనికి తిరగేసిన సంగతీ ఉంది. నీళ్లలో కలవని నూనె పదార్థమో, పెద్ద అణువో అయితే అగర్‌లో పాకలేదు. లోపల మంచి సరుకున్నా డిస్కు చుట్టూ ఏమీ కనపడదు.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది మిల్లీమీటర్ల లెక్క. పెనిసిలిన్ డిస్కుకి ఇరవై వచ్చింది, మా ఆకుకి పద్దెనిమిది వచ్చింది, కాబట్టి మా ఆకు దాదాపు పెనిసిలిన్ అంతటిది అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు ఎన్నో కనిపిస్తాయి. డిస్కులో పెట్టిన సరుకు పదిరెట్లు పెంచినా వ్యాసం పెరిగేది కొద్ది మిల్లీమీటర్లే. పైగా పెనిసిలిన్ డిస్కులో ఉన్నది మైక్రోగ్రాములు, ఆకు డిస్కులో ఉన్నది మిల్లీగ్రాములు. 1966లో సియాటిల్‌లో బవర్, కర్బీ, షెరిస్, టర్క్ ఈ పద్ధతికి ప్రమాణాలు కట్టినప్పుడు ఒక్కో యాంటీబయాటిక్‌కీ విడిగా, ఏ వ్యాసం ఏ మోతాదుకి సరితూగుతుందో వందల బాక్టీరియా మీద సరిచూసి పట్టిక రాశారు. మనీ ప్లాంట్‌కి అలాంటి పట్టిక లేదు. అందుకే పరిశోధకులు డిస్కు వదిలి, మందుని అంచెలంచెలుగా పలచన చేస్తూ ఎంత తక్కువకి బాక్టీరియా ఆగుతుందో చూసే పద్ధతికి మళ్లారు. 1998లో ప్రిటోరియాలో ఎలోఫ్ దీన్ని చిన్న గుంటల పలకలో, రంగు మార్పుతో కంటికి తెలిసేలా సులువు చేశాడు. 2005లో వాలెన్సియాలో రియోస్, రెసియో ఇంకో గీత గీశారు. మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము దాటిన మోతాదులో సారాలు పరీక్షించొద్దు, వంద మైక్రోగ్రాముల లోపు పనిచేస్తేనే ఆసక్తికరం అనుకోండి అని. ఆ గీత పెట్టి చూస్తే మన రిపోర్టుల్లో ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. బూజులు, మట్టి బాక్టీరియా అంత పదునైన మందులు చేస్తుంటే, కోట్ల ఏళ్లుగా అదే సూక్ష్మజీవుల మధ్య వేళ్లూని బతుకుతున్న మొక్కలు ఇంత మొద్దు ఆయుధాలతో ఎలా నెట్టుకొస్తున్నాయి? దీనికి అందిన జవాబు ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్ మొక్కల రసాయనాలు వేరుచేసేవాడు. బోస్టన్ దగ్గర టఫ్ట్స్‌లో కిమ్ లూయిస్ బాక్టీరియా పంపుల మీద పనిచేసేవాడు. ఇద్దరూ కలిసి బార్బెరీ పొదలు పట్టుకున్నారు. అమెరికాలో పసుపు పూల కోసం, ఎర్రబారే ఆకుల కోసం ఇళ్ల ముందు వేసుకునే పొదలవి. వాటిలో బెర్బెరిన్ అనే పచ్చటి పదార్థం ఉంటుంది. మన దారుహరిద్రకి పసుపు రంగునిచ్చేదీ ఇదే. బెర్బెరిన్ స్టాఫిలోకాకస్‌ని ఆపగలదు, కానీ బలహీనంగా. కారణం ఆ బాక్టీరియా పైపొరలో ఉండే నార్‌ఏ అనే పంపు. పడవలోకి ఊరే నీళ్లని చెంబుతో తోడిపోసే మనిషిలాగా అది లోపలికొచ్చిన బెర్బెరిన్‌ని వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. ఒకప్పుడు విరేచనాలు పట్టుకుంటే మనమంతా మింగిన నార్‌ఫ్లాక్ససిన్ బిళ్లని కూడా అదే తోడేస్తుంది. పంపు పేరులో ఉన్నది ఆ బిళ్ల పేరే.

మరి బార్బెరీకి ఈ పంపు సంగతి తెలియదా? తెలిసినట్టే ఉంది. అదే పొద ఆకుల్లోంచి వాళ్లు ఇంకో పదార్థం పట్టారు. పేరు 5'-మెథాక్సీహిడ్నోకార్పిన్. దాన్ని ఒంటరిగా పెడితే బాక్టీరియాకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ అది పంపుని బిగించేస్తుంది. అప్పుడు మామూలుగా ఏమీ చేయలేని కొద్దిపాటి బెర్బెరిన్‌కే బాక్టీరియా పెరగడం ఆగిపోతుంది. 2000లో ఈ ఫలితం అచ్చయింది. ఇప్పుడు డిస్కు పరీక్షని తలుచుకోండి. ఆకు రసాన్ని విడదీసి ఒక్కో పదార్థానికీ ఒక్కో డిస్కు పెట్టేవాడికి బెర్బెరిన్ దగ్గర చిన్న జోన్, రెండోదాని దగ్గర శూన్యం. రెండోదాన్ని చెత్తబుట్టలో పారేస్తాడు. ఏళ్ల తరబడి ఎన్ని ప్రయోగశాలల్లో ఎన్ని శూన్యాలు అలా బుట్టదాఖలయ్యాయో.

ఆ పదార్థం అంతకుముందు తెలియనిదేమీ కాదు. కుష్ఠుకి పాత మందైన చాల్‌మోగ్రా నూనెలో కొద్దిపాటిగా ఉంటుందని రసాయనజ్ఞులు ముందే రాసి ఉన్నారు. ఆ జాతి నూనె మన తెలంగాణ గడ్డకి బాగా పరిచయం. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండ్ డాక్టరు ఇసబెల్ కెర్ పెట్టిన కుష్ఠు ఆస్పత్రిలో సల్ఫోన్ మందులు రాని రోజుల్లో ఆ నూనె ఇంజెక్షన్లే ఆధారం. ఆ నూనెకి కుష్ఠు మీద ఉన్న కాస్త బలమూ దానిలోని కొవ్వు ఆమ్లాల వల్లనే అంటారు. పంపుని బిగించే ఈ అణువు అక్కడ ఏమైనా చేసిందా అని అప్పట్లో అడిగే వీలే లేదు. బాక్టీరియాకి అలాంటి పంపులుంటాయని తెలిసిందే చాలా తర్వాత.

2002లో తెగోస్, స్టెర్మిట్జ్, లోమోవ్‌స్కయా, లూయిస్ ఈ ఆలోచనని ఇంకా వెడల్పు చేశారు. మొక్కల పదార్థాలు కొన్నిటిని తీసుకుని, పంపులు పనిచేసే బాక్టీరియా మీదా, పంపులు చెడగొట్టిన బాక్టీరియా మీదా పక్కపక్కనే పరీక్షించారు. వాటిలో ప్లంబాజిన్ ఒకటి. చిత్రమూలం వేళ్లలో ఉండేది. మన ప్రహరీల మీద నీలి పూలు పూసే అలంకారపు చిత్రమూలం ఆ ప్రజాతిదే. ఈ. కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియా మీద మొక్కల రసాలు ఎప్పుడూ తేలిపోతాయి. వాటికి బయట ఇంకో పొర, దానికి తోడు పంపులు. ఆ పంపులు పడగొట్టగానే రూబార్బ్ మొక్కలోని రైన్ అనే పదార్థం బాక్టీరియాని బట్టి వంద నుంచి రెండు వేల రెట్లు పదునెక్కింది. మొక్కల ఆయుధం మొద్దుది కాదన్నమాట. మనం సగం ఆయుధాన్నే పరీక్షిస్తూ వచ్చాం. అయితే ఈ తెలివితో వైద్యుడి చేతికి మందేమీ రాలేదు. పంపుల్ని ఆపే పదార్థాలు గాజుపాత్రలో బాగానే ఉంటాయి, మనిషి ఒంట్లోకి వెళ్లేసరికి విషమో, పనికిరానంత పలచనో అవుతున్నాయి.

జోన్ ఇవ్వకుండానే పనిచేసే మొక్క ఇంకోటి ఫ్లోరిడాలో ఉంది. బ్రెజిల్ మిరియం చెట్టు, మామిడి, జీడిమామిడి కుటుంబానిది. ఎర్రటి పండ్ల గుత్తుల అందానికి మోజుపడి పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చి తోటల్లో నాటారు. ఇప్పుడది ఊళ్లకి ఊళ్లు ఆక్రమించిన కలుపు. దక్షిణ అమెరికా సంప్రదాయ వైద్యంలో పుండ్లకి వాడిన చెట్టు కాబట్టి, ఎమరీ విశ్వవిద్యాలయంలో కాసాండ్రా క్వేవ్ బృందం దాని పండ్లు తీసుకుంది. చిన్నప్పుడు కాలు తీసేశాక స్టాఫిలోకాకస్ (పొట్టిగా స్టాఫ్) ఇన్ఫెక్షన్‌తో బాధపడ్డ మనిషి ఆమె. ఆ బాక్టీరియాతో ఆమెకి పాత పరిచయం. స్టాఫ్ కణాలు తమ సంఖ్య తగినంత పెరిగిందని ఒకదానికొకటి రసాయన సంకేతం పంపుకుని, అప్పుడు మూకుమ్మడిగా విషం వదులుతాయి. క్వేవ్ బృందం వాడిన స్టాఫ్ రకాలు ఆ సంకేతం నడిచినప్పుడు మెరిసేలా తయారుచేసినవి. పండ్ల సారంలో ఒక భాగం తగలగానే మెరుపు తగ్గింది. బాక్టీరియా బతికే ఉంది, పెరుగుతూనే ఉంది, విషం మాత్రం మానేసింది. మొండి స్టాఫ్ రకం ఎక్కించిన ఎలుకల చర్మం మీద, ఈ సారం ఇచ్చినచోట పుండు పడలేదు. చర్మం మీద మామూలుగా ఉండే మంచి బాక్టీరియాకి హాని జరగలేదు. 2017లో ఇది సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చింది.

ఇలాంటి పరీక్షలో బాక్టీరియా చావడం మంచి గుర్తు కాదు. చంపేంత మోతాదు పడితే సంకేతం ఆగిందా, కణమే చచ్చిందా తేల్చలేరు. అందుకే పెరుగుదల ఏమాత్రం తగ్గని మోతాదుల్లోనే కొలుస్తారు. కీవ్ గాజు ఇళ్లలోని ఫైకస్‌లనైనా మన వరండా క్రోటన్‌నైనా ఇంకా ఎవరైనా ఈ లెక్కన చూడవచ్చు. దానికి మెరిసే స్టాఫ్ కావాలి, మెరుపు కొలిచే యంత్రం కావాలి. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో మాత్రం స్కేలు, డిస్కులు ఉన్నాయి.